నెత్తురు దగ్గర ఆగిపోయిన కథ

1943లో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిన నాటినుంచీ కార్మికుడు మన సాహిత్యంలో గౌరవస్థానం పొందిన పాత్ర. అతని శ్రమను గురించీ, సమ్మెను గురించీ, బస్తీని గురించీ కథలు వచ్చాయి. పనిలో గాయపడిన కార్మికుణ్ణి గురించి కూడా వచ్చాయి, ఇంకా వస్తున్నాయి. ఈ చివరి రకం కథల్ని వరసపెట్టి చదివితే ఒక సంగతి బయటపడుతుంది. వాటిలో చాలా భాగం ఒకే విధంగా మొదలై, ఒకే చోట ఆగిపోతున్నాయి.

ఆ నమూనా పాఠకులకు తెలిసిందే. ఇంట్లో పిల్లకు జ్వరం. మందుకు డబ్బుల్లేవు. మేస్త్రీని అడ్వాన్సు అడిగితే కసురుకున్నాడు. కార్మికుడు ఆ దిగులుతోనే పనిలోకి దిగుతాడు. చెయ్యి యంత్రం మీదా, మనసు ఇంటిమీదా ఉంటాయి. ఒక్క కేక, నెత్తురు, ఆస్పత్రి. ఆఖరున యజమాని తాలూకు మనిషి కవరులో కొన్ని నోట్లు పెట్టి తెస్తాడు. భార్య వాటిని అతని మొహాన కొడుతుంది, లేదా కళ్లనీళ్లతో తీసుకుంటుంది. కథ ముగుస్తుంది.

ఈ కథల్లో చిత్తశుద్ధి లేదని నేననను. కాని జీవితంలో పోరాటం మొదలయ్యే చోట ఇవి ముగిసిపోతున్నాయి. చెయ్యి పోయిన మరునాటినుంచి ఆ మనిషికీ యజమానికీ మధ్య జరిగే తగాదా ఉంది. అతను ఎవరి పనివాడు? ప్రమాదం పనిలోనే జరిగిందా? అతని కూలి ఎంత? పోయినదాని విలువ ఎంత? ఈ నాలుగు ప్రశ్నల చుట్టూ సంవత్సరాల తరబడి నడిచే ఆ తగాదా మన కథల్లోకి దాదాపు రాలేదు. దీన్ని సమాచార లోపమని సరిపెట్టుకోలేం. ఇది దృక్పథానికి సంబంధించిన లోపం. ఎందుకంటే, తగాదా లేని చోట కార్మికుడు జాలికి పాత్రుడు మాత్రమే అవుతాడు, హక్కుదారు కాడు.

1

మొదట ప్రమాదానికి కారణం సంగతి చూద్దాం. మన కథకులు కార్మికుణ్ణి పరధ్యానంలో ఎందుకు పెడుతున్నారు? పేదరికానికీ ప్రమాదానికీ సంబంధం చూపాలని. ఉద్దేశం మంచిదే. కాని ఫలితమేమిటి? యంత్రానికి కాపు లేదని, బెల్టుకు కంచె లేదని, పన్నెండు గంటలుగా అతను నిలబడే ఉన్నాడని చెప్పవలసిన చోట, అతని చెయ్యి అతని దిగులువల్ల పోయిందని రచయిత చెబుతున్నాడు. యజమాని తరఫు వకీలు చెప్పేది సరిగ్గా ఇదే: ‘వాడి అజాగ్రత్తవల్ల జరిగింది, మాకేమీ సంబంధం లేదు.’

ఈ వాదనకు పాత చరిత్ర ఉంది. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు న్యాయస్థానాల్లో గాయపడిన కార్మికుడు గెలవాలంటే మూడు అడ్డంకులు దాటాలి. తన అజాగ్రత్త ఏమీ ఉండకూడదు. తోటి కార్మికుడి తప్పు కారణం కాకూడదు. ప్రమాదముందని తెలిసి పనిలో చేరి ఉండకూడదు. ఈ మూడూ దాటగల కార్మికుడు ఎక్కడుంటాడు? జర్మనీలో 1884లో ప్రమాద బీమా చట్టమూ, ఇంగ్లండులో 1897లో పరిహార చట్టమూ వచ్చిన తర్వాత ఈ గోడ కూలడం మొదలైంది.

మన దేశంలో పనివారి నష్టపరిహార చట్టం 1923లో చేశారు. 1924 జులై 1న అమల్లోకి వచ్చింది. వలస ప్రభుత్వం ఇది దయతో ఇచ్చింది కాదు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత దేశమంతటా సమ్మెలు చెలరేగాయి, 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఏర్పడింది, 1920లో ఎ.ఐ.టి.యు.సి. పుట్టింది. ఆ వాతావరణంలో వచ్చిన చట్టమిది. దాని మూలసూత్రం ఏమిటంటే, పనివల్ల, పని జరుగుతున్న కాలంలో ప్రమాదం జరిగితే యజమాని పరిహారం చెల్లించాలి. తప్పెవరిదన్న ప్రశ్న లేదు. మామూలు అజాగ్రత్త యజమానికి సాకు కాదు. తాగి ఉండడం, భద్రతా నియమాన్ని బుద్ధిపూర్వకంగా ధిక్కరించడం, కాపును కావాలని తీసెయ్యడం మినహాయింపులే గాని, మరణానికీ శాశ్వతమైన పూర్తి అశక్తతకూ ఆ మినహాయింపులు కూడా పనికిరావు.

అంటే పరధ్యానం సంగతిలో 1923 నాటి వలస చట్టం ఇవాళ్టి మన అభ్యుదయ కథకంటే ఒక అడుగు ముందుంది. ఇది మనకు సంతోషించదగిన విషయం కాదు.

2

రెండోది, కవరులో నోట్లు. ఈ సన్నివేశం మన కథలకు ఇష్టమైన ముగింపు. విధవరాలు నోట్లు విసిరికొట్టడం ఆత్మగౌరవమనీ, తీసుకోవడం నిస్సహాయత అనీ మనం చదువుకుంటాం. నిజానికి ఇది రెంటిలో ఒకటి ఎంచుకునే సమస్యే కాదు. కార్మికుడు చనిపోతే పరిహారాన్ని యజమాని నేరుగా కుటుంబం చేతిలో పెడితే సరిపోదనీ, కమిషనరు దగ్గర జమ చెయ్యాలనీ 1923 చట్టం చెప్పింది. నేరుగా ఇచ్చినది పరిహారం చెల్లింపుగా లెక్కకు రాదు. మూడునెలల జీతం మేరకు ఇచ్చిన అడ్వాన్సును మాత్రం తర్వాత మినహాయిస్తారు. హక్కు వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చిన కాగితం కూడా ఆ చట్టం ప్రకారం చెల్లదు. ఒప్పందం చేసుకుంటే దాన్ని కమిషనరు దగ్గర రిజిస్టరు చేయించాలి. మొత్తం మరీ తక్కువైతే, లేదా మోసంతోనో ఒత్తిడితోనో చేయించిందైతే, ఆయన దాన్ని తోసిపుచ్చవచ్చు.

ఈ ఏర్పాటు ఎందుకు వచ్చింది? చావు జరిగిన ఇంట్లో, పదకొండోరోజు ఖర్చులకు చేతిలో పైసా లేని సమయంలో, కవరుకు ఎంత బలముంటుందో చట్టం చేసినవాళ్లకు తెలుసు. కవరు తెచ్చినవాడి రెండో చేతిలో తెల్లకాగితం ఉంటుంది. మన కథల్లో కవరు కనిపిస్తుంది, కాగితం కనిపించదు. కథలోని స్త్రీ నోట్లు మొహాన కొట్టినప్పుడు మనం మెచ్చుకుంటాం. ఆమె నోట్లు తీసుకుని, కాగితంమీద వేలిముద్ర వెయ్యనని చెప్పి, మర్నాడు లేబరాఫీసుకు బయల్దేరితే? ఆ స్త్రీ మన కథల్లో ఇంకా పుట్టవలసే ఉంది. జీవితంలో మాత్రం ఉంది.

ఉందని నాకెలా తెలుసంటే, పల్లెల్లో అర్జీలు రాయించుకోవడానికి జనం బడిపంతుళ్ల దగ్గరికే వస్తారు గనక. ఒక రైసుమిల్లులో బెల్టు పడి మూడువేళ్లు పోయిన హమాలీ భార్య అలాగే నా దగ్గరికి వచ్చింది. మిల్లులో అతని పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ‘మా మనిషి కాడు, మేస్త్రీ మనిషి’ అని యజమాని అన్నాడు. ‘నేనూ మీలాగే కూలివాణ్ణి’ అని మేస్త్రీ అన్నాడు. ఆవిడ చీరకొంగులోంచి తీసిన ఆస్పత్రి చీటీ మీద, ఎలా తగిలిందన్న చోట, ‘రైసుమిల్లు మిషను’ అని ఎవరో డ్యూటీ నర్సు రాసిన రెండుమాటలున్నాయి. మూడేళ్ల తర్వాత తీర్పు వాళ్లకు అనుకూలంగా రావడానికి ఆధారం ఆ రెండుమాటలే. నేను చదివిన ఏ ప్రమాద కథలోనూ ఆ నర్సు లేదు.

కాంట్రాక్టు సంగతీ అంతే. మేస్త్రీ, సబ్ కాంట్రాక్టరు, కాంట్రాక్టరు, కంపెనీ - ఈ నిచ్చెనలో బాధ్యత కింది మెట్టుకు జారిపోతూ ఉంటుంది. కంపెనీ తన పనిలో భాగాన్ని కాంట్రాక్టుకిస్తే, తన సొంత కార్మికుడికి లాగే పరిహారం చెల్లించాలనీ, తర్వాత కావాలంటే కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవచ్చనీ 1923 చట్టమే అంది. మన కథలు మేస్త్రీని దుర్మార్గుణ్ణి చేసి తృప్తిపడుతున్నాయి. అసలు లాభం పొందేవాడు కథలో ఎక్కడా అడుగు పెట్టడు.

3

మూడోది, విలువ కట్టడం. ఇక్కడ చట్టం తన వర్గస్వభావాన్ని దాపరికం లేకుండా చూపిస్తుంది. చట్టానికి ఒక పట్టిక ఉంది. బొటనవేలు మొత్తం పోతే సంపాదనశక్తిలో 30 శాతం. చూపుడువేలు 14. నడిమివేలు 12. ఉంగరపు వేలుగాని చిటికెనవేలుగాని అయితే 7. ఒక చేతి నాలుగువేళ్లూ పోతే 50. రెండోది బాగుండగా ఒక కన్ను పోతే 40. రెండుచేతులూ పోతే నూరుశాతం.

శ్రమశక్తి సరుకు అని మనం చదువుకున్నాం. దాన్ని వేలువేలుగా విడదీసి ధర రాసిన పట్టిక ఇది. దీన్ని చదివి కోపం తెచ్చుకోని రచయిత ఉండడు. కాని కోపంతో ఆగిపోకుండా లెక్క వేసి చూడాలి.

2022లో ప్రమాదం జరిగిందనుకుందాం. కార్మికుడికి ఇరవై అయిదేళ్లు. బొటనవేలు పోయింది. జీతం ఎంతున్నా లెక్కకు తీసుకునే గరిష్ఠ పరిమితి 2020 జనవరి 3 నుంచి 15,000 రూపాయలు. అతని జీతం అంత ఉందనుకుంటే, అందులో 60 శాతం 9,000. ఇరవై అయిదేళ్ల వయసుకు చట్టం నిర్ణయించిన సంఖ్య 216.91. గుణిస్తే 19,52,190. అందులో 30 శాతం 5,85,657 రూపాయలు. ఇప్పుడు అదే కార్మికుడి జీతం రికార్డులో 8,000 అని రాసి ఉందనుకుందాం. అదే వేలుకు వచ్చేది 3,12,350. తేడా 2,73,307 రూపాయలు. యంత్రం తీసుకున్న వేలు ఒకటే. మిగిలినది హాజరుపట్టీలో కలం తీసుకుంది. దోపిడీ అనే మాటను మనం కథలో పదిసార్లు వాడతాం. ఆ మాట వాడకుండా ఈ ఒక్క లెక్క చూపిస్తే చాలదా?

ఈ పట్టిక కూడా స్థిరమైనది కాదు, దానిమీదా తగాదా నడిచింది. 1968లో ఒడిశాలో ఒక సినిమాహాలు అలంకరణ పని చేస్తూ ఒక వడ్రంగి కిందపడ్డాడు. ఎడమ చెయ్యి మోచేతి పైకి తీసెయ్యవలసి వచ్చింది. ఒక చెయ్యే గదా, పట్టిక ప్రకారం ఇది పాక్షిక అశక్తతే అని యజమాని వాదించాడు. కమిషనరు ఒప్పుకోలేదు. 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా ఒప్పుకోలేదు. వడ్రంగం ఒంటిచేత్తో జరిగే పని కాదు కనక అతనికి ఇది పూర్తి అశక్తతేనని తేల్చింది. పరిహారం తీర్పు వచ్చిననాటినుంచి కాక ప్రమాదం జరిగిననాటినుంచే బాకీ పడుతుందని కూడా చెప్పింది.

చెయ్యిని శరీరభాగంగా లెక్కించాలా, వృత్తిగా లెక్కించాలా అన్నది ఇక్కడి ప్రశ్న. ఇది మంచి కథకు సరిపడే ప్రశ్న. ఉలి ఒక చేత్తో పట్టి రెండోచేత్తో సుత్తి దెబ్బ కొట్టడమనే మామూలు సంగతి, పట్టికలోని అంకెను ఓడించింది. పనిని దగ్గరగా చూసిన రచయిత మాత్రమే ఇలాంటి కథ రాయగలడు. మన కథల్లో ‘యంత్రం’ అన్నది ఒక్కటే మాట. ఏ యంత్రం? దానికి ముడిసరుకు ఎటునుంచి అందిస్తారు? చెయ్యి ఎక్కడిదాకా వెళ్లాలి? ఇవి తెలియకుండా ప్రమాదాన్ని రాస్తే అది ఆకాశంలోంచి పడ్డ పిడుగులాగే ఉంటుంది.

కాఫ్కాను మనవాళ్లు చాలామంది ఒంటరితనపు రచయితగా పక్కనపెట్టారు. ఆయన 1908నుంచి 1922 వరకు ప్రాగ్ నగరంలోని కార్మిక ప్రమాద బీమా సంస్థలో ఉద్యోగి. చెక్క చిత్రికపట్టే యంత్రాల్లో చదరపు ఇరుసు వేళ్లను ఎలా తెగ్గొడుతుందో, గుండ్రటి ఇరుసు బిగిస్తే ప్రమాదం ఎలా తగ్గుతుందో బొమ్మలతో సహా సంస్థ నివేదికలో వివరించాడు. ఆయన తాత్వికతతో మనకు పేచీ ఉండవచ్చు. కాని ఇరుసు ఆకారం దాకా వెళ్లి చూసిన రచయిత ఆయన. మనం అక్కడిదాకా వెళ్లామా?

4

దీనికి రెండు వైపులనుంచీ అభ్యంతరాలు వస్తాయని నాకు తెలుసు.

మొదటిది: కథ అంటే చట్టాల గైడు కాదు గదా అని. కాదు. కాని ‘యజ్ఞం’ అప్పుల పద్దుపుస్తకమూ కాదు. కాళీపట్నం రామారావు ఆ కథలో ఒక బాకీ తగవును పంచాయితీలో పెట్టి, లెక్కలను, మాటలను, పెద్దమనుషుల న్యాయాన్ని ఓపికగా నడిపించాడు. ఆ లెక్కలు లేకపోతే ఆఖరి సంఘటన ఉత్త భయానక దృశ్యంగా మిగిలేది. లెక్క తెలిసింది కనకనే మనకు వ్యవస్థ కనిపించింది. రావిశాస్త్రి స్వయంగా వకీలు. ‘ఆరు సారా కథల’తో పోలీసునీ, ప్లీడరునీ, కోర్టునీ తెలుగు కథలోకి లాక్కొచ్చాడు. నేరాల కోర్టుకు దొరికిన ఆ అదృష్టం లేబరాఫీసుకు దొరకలేదు. అక్కడా అన్నీ ఉన్నాయి: వాయిదాలు, బీమా కంపెనీ వకీలు, శాతం వెయ్యడానికి బేరమాడే డాక్టరు, ప్రమాదం చూసీ సాక్ష్యం చెబితే పని పోతుందని భయపడే తోటి కార్మికుడు. ఈ ఆఖరివాడు ఒక్కడు చాలు నవలకు.

రెండోది బరువైన అభ్యంతరం. చట్టం పాలకవర్గపు సాధనం, దాన్ని కథలో గెలిపిస్తే సంస్కరణవాదం అవుతుందని. నేను చట్టాన్ని గెలిపించమనడం లేదు, చూపించమంటున్నాను. ఎంగెల్స్ 1845లో మాంచెస్టరు వీధుల్లోని అంగవిహీనుల్ని లెక్కలోకి తీసుకున్నాడు. మార్క్సు ‘పెట్టుబడి’లో పనిదినాన్ని చర్చించినప్పుడు ఆధారపడింది ప్రభుత్వ ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికల మీదే. పాలకవర్గపు కాగితాలని ఆయన వాటిని పక్కన పారెయ్యలేదు. వాటిలోని నిజాన్ని ఆ వర్గానికే ఎదురు తిప్పాడు.

చట్టానికి పరిమితులు లేవనీ కాదు. పోర్‌బందర్ దగ్గర ఒక ఉప్పు కర్మాగారంలో పని ముగించుకుని పడవలో ఇళ్లకు వెళుతున్న కార్మికులు 1952లో పడవ మునిగి చనిపోయారు. పని అయిపోయింది, పడవ అందరూ ఎక్కేది, కనక యజమానికి బాధ్యత లేదని 1958లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కార్మికులు ఆ పూట ఆ పడవ ఎక్కింది పనికోసం కాకపోతే మరెందుకు? ఇలాంటి చోట చట్టం గీసిన గీతను రచయిత ప్రశ్నించాలి. గీత ఎక్కడుందో తెలిస్తే గదా ప్రశ్నించడం.

చట్టాన్ని కన్నతల్లిగా చూపడం ఒక తప్పు. వట్టి మోసమని కొట్టిపారెయ్యడం రెండో తప్పు. మొదటి కథ చదివిన కార్మికుడు ఆఫీసు మెట్లమీద కూర్చుని ఎదురుచూస్తాడు. రెండో కథ చదివినవాడు అర్జీ పెట్టకుండానే, రెండేళ్ల గడువు దాటిపోయేదాకా ఇంట్లో కూర్చుంటాడు. ఇద్దరి వల్లా లాభపడేది ఒకడే.

5

ఇవాళ ఈ చర్చ అవసరం ఇంకా పెరిగింది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో 17మంది చనిపోయారు. 2025 జూన్ 30న పాశమైలారంలో మరో మందుల ఫ్యాక్టరీ పేలుడులో నలభైమందికి పైగా పోయారు. వారిలో చాలామంది ఇతర రాష్ట్రాలనుంచి వలస వచ్చినవారు. రెండుచోట్లా కోటిరూపాయల ఎక్స్‌గ్రేషియా ప్రకటనలు వెలువడ్డాయి. కుటుంబాలకు ఆ డబ్బు అందాలి, సందేహం లేదు. కాని ఆ మాటకు అర్థం ‘దయతో ఇచ్చేది’ అని. పరిహారం దయ కాదు, బాకీ. పదిమందితో కలిసి చనిపోయినవాడికి ప్రకటన వస్తుంది. అదే పారిశ్రామికవాడలో, ఒక రేకుల షెడ్డులో, ఒంటరిగా మూడువేళ్లు పోగొట్టుకున్నవాడికి ఏ ప్రకటనా రాదు. అతనికి ఉన్నది చట్టం ఒక్కటే. పత్రికలు అతన్ని పట్టించుకోవు. సాహిత్యం కూడా పట్టించుకోకపోతే ఎలా?

చట్టమూ మారింది. 1923 చట్టమూ, జీతం పరిమితిలోపు కార్మికులకు వైద్యమూ నెలవారీ భత్యమూ ఇచ్చే 1948 ఇ.ఎస్.ఐ. చట్టమూ 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లో కలిసిపోయాయి. ఆ కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. తప్పుతో నిమిత్తం లేని బాధ్యత అనే మూలసూత్రమూ, వేళ్ల పట్టికా అందులో ఉన్నాయి. కమిషనరు స్థానంలో ‘సమర్థ అధికారి’ వచ్చాడు. ఇంటికీ పనికీ మధ్య దారిలో జరిగిన ప్రమాదం కూడా, ఉద్యోగంతో సంబంధం రుజువైతే, పరిధిలోకి వచ్చింది. ఉప్పు కార్మికుల పడవ మునిగి డెబ్బైమూడేళ్లు గడిచాక! ఆ ‘రుజువైతే’ అన్న మాట దగ్గర ఎన్ని తగాదాలు జరగబోతున్నాయో ఊహించడం కష్టం కాదు.

యువ రచయితలకు నేను చెప్పదలచింది ఇదే. కట్టడం వెనకున్న కూలివాణ్ణి తలుచుకోమని శ్రీశ్రీ మనకు నేర్పాడు. తలుచుకోవడం అయింది. ఇక ఆ కూలివాడి వెంట లేబరాఫీసుకు వెళ్లాలి. వాయిదా రోజున బల్లమీద అతని పక్కన కూర్చోవాలి. అతని చేతిలోని కాగితాలు ఒక్కొక్కటీ చదవాలి. హాజరుపట్టీలో అతని పేరెందుకు లేదో, సాక్షి ఎందుకు రాలేదో, వకీలు ఎవరితో నవ్వుతూ మాట్లాడుతున్నాడో చూడాలి. సంఘం నాయకుడు వచ్చిన రోజున అధికారి గొంతు ఎలా మారుతుందో వినాలి. ప్రమాదం కథకు మొదటి పేజీ కావాలి. మిగిలిన పేజీలు అక్కడ దొరుకుతాయి.